తగలబడాల్సిన ఓడకి పేరు

జగ్గయ్యపేట, 12-8-83, శుక్రవారం

నందిగామ బస్టాండులో కొనే వారపత్రికలో ఆ అంతరిక్షం సీరియల్ మధ్యలో ఆపేశారని, మిగతా కథ నేనే రాసుకుంటున్నా. ఆ రచయిత అందులోని అంతరిక్ష ఓడకి నంబరొక్కటే ఇచ్చి వదిలేశాడు. నా కథ చివర్లో ఓడ తగలబడిపోవాలి. నంబరు తగలబడితే ఎవరికి ఏడుపొస్తుంది? అందుకే పేరు కావాలి.

ఇంట్లో అడగడం నా బుద్ధితక్కువ. అమ్మ అమ్మవారి పేరు పెట్టమంది. చివర్లో కాలిపోతుందమ్మా అంటే, శుక్రవారం పూట ఆ మాటలేంటని కసిరింది. అన్నయ్య తన మిరపకాయల లారీ మీద రాయించినట్టే కూతురి పేరు పెట్టమన్నాడు. కాలిపోతుందనగానే వాడికీ కోపమొచ్చింది. కాగితం మీద ఓడకి ఇంత రాద్ధాంతమా?

విసుగొచ్చి వంటింట్లో కూలబడితే, గోంగూర ఒలుస్తున్న వదిన మెల్లిగా అంది.

"సుభద్ర అని పెట్టు."

"అది మా నాయనమ్మ పేరు కదా."

"నా పేరూ అదే. మీ అమ్మగారు వాళ్ళ అత్తగారి పేరు నోటితో పలకరని, పెళ్ళయ్యాక నన్ను లక్ష్మి అన్నారు."

నిజమే. శుభలేఖలో చదివిన పేరే, నేనూ మర్చిపోయా.

"మరి కాలిపోతుంది వదినా."

"పోనీలే. ఎటూ ఎవరూ పిలవట్లేదుగా."

గోంగూర చేట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఓడ మీద సుభద్ర అని రాశా. అమ్మనీ అన్నయ్యనీ అంత విసుక్కున్నానా, ఇప్పుడు నిప్పు పెట్టడానికి నాకే చేతులు రావట్లేదు.