మాది పాట చీటీ కాదు, మందుల చీటీ

గౌరవనీయులైన రెవిన్యూ అధికారి వారి సముఖమునకు,
తెనాలి వాస్తవ్యుడు, దస్తావేజు లేఖరి షేక్ ఇమాముద్దీన్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: అనుమతి లేని చీటీపాట నడుపుచున్నామని వచ్చిన నోటీసు – సభ్యుల జాబితా కోరుట – ఇవ్వలేకపోవుట – గదికి తాళం వేయవద్దని ప్రార్థన.

1. నా కొట్టు వెనక గదిలో రెండు వారాలకొక మంగళవారము పద్నాలుగు మంది కూడుచున్నారనియు, వారు ఇళ్ళలో 'చీటీకి పోతున్నాం' అని చెప్పుచున్నారనియు తమకు అందిన ఆకాశరామన్న ఉత్తరములోని సంగతి అక్షరాలా నిజము. పాట మాత్రము అబద్ధము. మాది మందుల చీటీ. తలకు సంబంధించిన మందులు. ఇంతకంటే మర్యాదగా ఎలా రాయాలో ఇరవై ఆరేళ్ళ రాతపనిలో నేర్చుకోలేదండి.

2. పుట్టుపూర్వోత్తరములు మనవి చేసుకొనుచున్నాను. ఆరేళ్ళ క్రితము నా చెవిలో ఎవరో మాట్లాడేవారు. ఎదుట కూర్చున్న పార్టీ ఒకటి చెబితే, ఆ గొంతు ఇంకొకటి రాయించేది. ఒక అమ్మకం దస్తావేజులో 'తూర్పు హద్దు: నీ చావు' అని రాశాను. మా ఆవిడ ఖైరున్నీసా ఆ రోజే ఆస్పత్రికి లాక్కుపోయింది. అక్కడ మందుల వరుసలో నా ముందు రేపల్లె నుంచి వచ్చిన ఒక అక్క నిలబడి ఉన్నది. నా పెదాలు కదలడం చూసి, "ఏంటి తమ్ముడూ, నీకూ వినబడతాయా? నా చెవిలోవాడు బూతులు తిడతాడు. మరి నీవాడో?" అన్నది. ఏడాదిలో మొదటిసారి నవ్వాను సార్. మా సంఘం ఆ వరుసలోనే పుట్టింది. చేతిలో మందుల చీటీ ఉన్నవాళ్ళం గనుక 'చీటీ' అన్నాము. దాచుకోవడానికీ పనికొచ్చింది. చీటీకి పోతున్నామంటే ఏ ఇంట్లోనూ రెండో ప్రశ్న వేయరు కదండీ.

3. మాలో డాక్టరు లేడు, ప్రెసిడెంటు లేడు. ఏ మాత్రకు చెయ్యి వణుకుతుందో, డాక్టరుగారిని ఏమని అడగాలో ఒకరికొకరం చెప్పుకుంటాము. ఎవరైనా రాకపోతే ఫోను చేస్తాము, ఎత్తకపోతే ఇంటికి పోతాము. నిరుడు మాలో ఒకడు, చేపల వేటకు పోయే బాపట్ల తమ్ముడు రాలేదు. వెళ్ళి వెతికితే సముద్రంలో నడుము లోతున నిలబడి ఉన్నాడు. అక్క చీరతోనే నీళ్ళలో దిగి, "టిఫిన్ తిన్నావా అయ్యా?" అని అడిగింది. లేదని చెప్పి గట్టుకొచ్చాడు.

4. ఇక జాబితా. శనివారంలోగా పేర్లు ఇవ్వకపోతే తాళం వేస్తామన్నారు. ఇస్తే పిచ్చోళ్ళం, ఇవ్వకపోతే దొంగచీటీ వాళ్ళం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలిస్తే ఆ తమ్ముణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకోరు. ఒక కోడలు, ఊరు రాయను, ఆ మాత్రలు థైరాయిడ్‌వని మొగుడికి చెప్పుకున్నది. నా సంగతంటారా, 'స్థిరచిత్తముతో వ్రాసి యిచ్చినది' అని రోజూ రాసేవాణ్ణి. పిచ్చోడు రాసిన దస్తావేజు చెల్లుతుందా అని ఒక్కడు అడిగితే చాలు, నా కొట్టు మూతపడుతుంది.

5. భయం వేస్తున్నది సార్. నోటీసు సంగతి విని ఇద్దరు రావడం మానేశారు. బాపట్ల తమ్ముడి ఫోను మూడు రోజులుగా స్విచాఫ్. నిన్న నోటీసు మళ్ళీ చదువుతుంటే పాత గొంతు పలికింది, 'రాయి, అందరి పేర్లూ రాయి' అని. మాత్ర వేసుకున్నాను. రాయలేదు.

కావున జాబితా ఇందువెంట సమర్పించడమైనది:
1. షేక్ ఇమాముద్దీన్, తెనాలి.
మొత్తము పేర్లు: ఒకటి మాత్రమే.

చిత్తం ఒకప్పుడు చెదిరినవాడి మనవి అయినను చిత్తగించవలెను.

స్థిరచిత్తముతోను, భయముతోను,
తమ విధేయుడు,
షేక్ ఇమాముద్దీన్

దిద్దుబాట్లు: మూడో అంశములో ఒక పేరు కొట్టివేయడమైనది. దయచేసి ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడవద్దని ప్రార్థన.

తా.క.: అక్క ఇప్పుడే రేపల్లె బండి దిగి వచ్చి ఇదంతా చదివింది. "ఏంటి, నీ ఒక్కడి పేరేనా? నువ్వొక్కడివే పిచ్చోడివా? రాయి నాది కూడా!" అని కసిరింది. 2. కోటిరత్నం, ఎండుచేపల వ్యాపారం, రేపల్లె. మొత్తము పేర్లు: రెండు. సార్, తమ్ముడి ఫోను ఇప్పుడు మోగింది. ఎత్తలేదు, కానీ మోగింది. మేమిద్దరం బాపట్ల బండికి పోతున్నాము, ఈ అర్జీ మా ఆవిడ తెచ్చి ఇస్తుంది. శనివారం తాళం వేయకండి సార్. అతణ్ణి తీసుకొస్తే కూర్చోబెట్టడానికి మాకు ఇంకో గది లేదు.