షరతు తీసి చూడని లెక్క

చిరంజీవి గువ్వకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం పద్ధతి కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. మీ నాన్న మోకాలు, వంటింటి కిటికీ గొళ్ళెం, నా నిద్ర తప్ప తక్కినవన్నీ క్షేమమే. అక్కడ నువ్వు, అల్లుడు, మీ అత్తగారు కులాసా అని తలుస్తాను. నీ విషయంలో కులాసా అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను, ఉండనీ.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. తెర చూడొద్దని డాక్టరు ఫోను లాక్కున్నాడు, మాట్లాడదామంటే నీకు వినిపించదు, ఇక మనకి మిగిలింది కాగితమే. నేను ఉత్తరం రాసి పాతికేళ్ళు దాటింది. పోస్టు డబ్బా ఎక్కడుందని మీ నాన్నని అడిగితే, రోజూ ఆఫీసుకి దాని పక్కనుంచే పోతున్నావు కదే అని నవ్వారు. నిన్న చూశాను. నిజమే, ఎర్రగా నా ఎత్తున ఉంది.

నాలుగు ప్రశ్నలు అడిగావు. చిన్నప్పుడు పరీక్షలో నీకు నేను చెప్పినట్టే తేలికైనవి ముందు రాస్తాను.

మీ నాన్న ఎలా ఉన్నారని అడిగావు. డ్రాయింగ్ మాస్టారు ఎలా ఉంటారు, చేతులకి రంగులు పూసుకుని అలాగే ఉన్నారు. నీకు ఏమీ వినిపించడం లేదని మన వీధి శబ్దాలన్నీ బొమ్మలుగా వేసి పంపుతానని కూర్చున్నారు. మొదటిది ఇందులో పెట్టాను. అది పక్కింటి కుక్క మొరుగుతున్న బొమ్మ. శబ్దం పెద్దదని నోరు మరీ పెద్దది పెట్టారు, దాంతో అది ఆవలిస్తున్నట్టు తయారైంది. నవ్వకుండా బాగుందని రాయి, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు నాకేం చెప్పాడని రెండో ప్రశ్న. ఎవరూ నిజం రాయడం లేదని, నేనైనా రాస్తానని అడిగావు. రాస్తున్నాను. కుడి చెవి రాదన్నాడు. ఎడమది సగం దాకా రావచ్చు, ఆరునెలలు ఆగాలి అన్నాడు. ఈల వేస్తున్నట్టు ఉందన్నావు చూడు, ఆ మోత తగ్గుతుందిట. నేను ఇంకో రెండు ప్రశ్నలు వేశాను. "అమ్మా, అంతకంటే నాకే తెలీదు" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కానీ ఆ పూట అతన్ని చూస్తే ఒళ్ళు మండింది.

మూడోది మీ అత్తగారి అనుమానం. రసాయనాలు ముట్టుకోకుండా మీ అమ్మ రసాయన శాస్త్రం ఎలా చేస్తుంది అని. ఆవిడకి చెప్పు: వంట చేయకుండానే కూరలో ఉప్పు ఎంత పడుతుందో కాగితం మీద లెక్కేసి చెప్పే కోడలిలాంటిదాన్ని నేను. ఆ కూర ఎవరో వండాలి, ఎవరో తినాలి. మా గదిలో కుర్చీలు, తెరలు, గోడవతల ఒక చల్లటి గదిలో గుయ్ మంటూ యంత్రాలు, అంతే. ఒక అణువు ఎలా ఉంటుందో గీసి ఇస్తాం. అందులో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఎలా సర్దుకుంటాయో, అప్పుడు దాని శక్తి ఎంతో యంత్రం లెక్కేస్తుంది. అణువు గుంటలో బంతిలా కూర్చుని ఉంటుంది. అది విరగాలంటే గట్టెక్కాలి. ఆ గట్టు ఎంత ఎత్తో చెప్పడమే నా బతుకుతెరువు. గట్టు ఎత్తుంటే అణువు నిమ్మళంగా పడుంటుంది. పొట్టిదైతే కాస్త వేడికే దాటేస్తుంది, దాటితే ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి పక్కవీ దాటతాయి. ఆ తర్వాత ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మీ అత్తగారికి ఇక్కడిదాకా చదివి వినిపించు. ఇక్కడినుంచి నీ ఒక్కదానికే.

మీ ఫ్యాక్టరీ పేలుడు మీద వేసిన కమిటీ వాళ్ళ గురించి నువ్వు రాసిన పేరా నాలుగుసార్లు చదివాను. "వేడి గీత దాటి గంట మోగినప్పటినుంచి పేలేదాకా ఆరు నిమిషాలే అని నాకు గుర్తు. వాళ్ళు నలభై నిమిషాలు నేను పట్టించుకోలేదంటున్నారు. తలకి దెబ్బ తగిలింది కదమ్మా, నేనే మర్చిపోయానేమో. కునుకు తీశానేమో. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు" అని రాశావు. నువ్వు పదేళ్ళప్పుడు పాలు పొయ్యి మీద పెడితే పొంగేదాకా కన్నార్పకుండా నిలబడేదానివి. నువ్వు కునుకు తీశావా?

వాళ్ళ వాదన నాకు తెలుసు. ఆ సరుకు గీత దాటాక కూడా నలభై నిమిషాలు ఆగుతుందని మీ గోడమీది కాగితంలో ఉంది. పేలింది కాబట్టి నలభై నిమిషాలు గడిచే ఉండాలి. గంట ఎప్పుడు మోగిందో రాసుకునే పెట్టె కాలిపోయింది కాబట్టి టైము చూపించే ఆధారం లేదు. ఫిట్టరు, ఊడ్చే ఆవిడ "అమ్మాయి పరిగెత్తండని అరిచింది, పరిగెత్తాం, గంట ఎప్పుడు మోగిందో రంపం మోతలో వినపడలేదు" అన్నారు. ఇక తప్పు ఎవరిదని చూస్తే నువ్వొక్కదానివే మిగిలావు.

ఆ నలభై నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో చెబుతాను. నీ నాలుగో ప్రశ్నకి జవాబు కూడా అదే. అయిదో రోజు పొద్దున్న, నీ తలకట్టు మారుస్తుండగా, ఒక్క మాట కూడా చెప్పకుండా సంచి తీసుకుని ఎందుకు వెళ్ళిపోయావమ్మా అని అడిగావు.

ఆ పొద్దున్న అల్లుడు కమిటీ వాళ్ళ కాగితం చూపించాడు. నువ్వు వండుతున్న సరుకు పేరు బదులు అందులో సంకేతం ఉంది: 17-బి. మా దగ్గరికి వచ్చేవన్నీ అలా అంకెలతోనే వస్తాయి, ఏ ఫ్యాక్టరీదో మాకు చెప్పరు. కానీ 17-బి నాకు తెలుసు. చలికాలం చివర్లో దాని గట్టు లెక్కేసింది నేనే. నీ గోడమీది నలభై నిమిషాలు నా చేతి అంకెలోంచి వచ్చాయి.

గువ్వా, ఇది రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఎక్కడ తప్పానో చెబుతాను. ఆ అణువులో రెండు ఆక్సిజన్లు పక్కపక్కన ఉంటాయి, వాటి మధ్య బంధమే ముందు తెగేది. బంధమంటే రెండు ఎలక్ట్రాన్లు జంటగా కూర్చోవడం. లెక్క తేలికవుతుందని ఆ రెండూ ఎప్పుడూ జంటగానే ఉండాలని మేం షరతు పెడతాం. మామూలు అణువులకి అది చెల్లుతుంది. తెగుతున్న బంధంలో చెల్లదు, అక్కడ ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. వద్దంటున్నా ఒకే గదిలో పెట్టి తలుపేస్తే శక్తి ఎక్కువ చూపిస్తుంది, గట్టు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. అందుకే చివర్లో ఒక పరీక్ష నడపాలి: షరతు తీసేస్తే ఇది ఇంకా కిందికి జారుతుందా అని యంత్రాన్ని అడగాలి. ఒక్క లైను. పావుగంట పని.

మా గదిలో ప్రింటరు పైన "షరతు తీసి చూశావా?" అని కాగితం అంటించింది నేనే. ఆ పరీక్ష మర్చిపోయిన పిల్లలని ఏడిపించుకు తింటాను. వెనకాల నన్ను షరతుల మేడం అంటారని నీకూ తెలుసు, నువ్వూ అన్నావు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ రోజు నేను షరతు తీసి చూడలేదు. తొందరేమీ లేదు, ఒంట్లో బాగానే ఉంది. గట్టు ఎత్తు ముప్పైన్నర వస్తుందనుకున్నాను, ముప్పైన్నరే వచ్చింది. అనుకున్నది వస్తే మనిషి రెండోసారి చూడడు. టీ తాగడానికి లేచాను.

అయిదో రోజు నీ మంచం పక్కన నోటుపుస్తకంలో "ఆలస్యం చేశానమ్మా" అని నువ్వు రాసి నాకు చూపించావు. నేను దాని కింద "కాదు, నేను" అని రాయాలి. పెన్ను పట్టుకుని నిలబడ్డాను. రాయలేక సంచి తీసుకున్నాను. బండిలో కూర్చున్నంతసేపూ నువ్వు నా వీపు చూస్తున్నట్టే ఉంది.

తిన్నగా ఆఫీసుకి వెళ్ళి షరతు తీసి నడిపాను. ఇరవై తొమ్మిది వచ్చింది. తేడా ఒకటిన్నర. ఎవరికైనా ఏమనిపిస్తుంది? ముప్పైలో ఒకటిన్నర. కానీ అంత వేడిలో గట్టు ఒకటిన్నర తగ్గితే వేగం ఆరు రెట్లు పెరుగుతుంది.

ముందు మా డైరెక్టరుకి చెప్పాను. ఆయన తలుపేసి, మంచినీళ్ళు ఇచ్చి, "మన రిపోర్టు కింద ప్రయోగంతో సరిచూసుకోవాలని రాసుంది కదండీ. వాళ్ళు ఆ వేడి పరీక్ష చేసుకోకుండా వదిలేస్తే మనమేం చేస్తాం? మీరెందుకు నెత్తికెత్తుకుంటారు?" అన్నారు. నిజమే, రాసుంది. దాని పైన ముప్పైన్నర అని కూడా రాసుంది.

సోమవారం కమిటీ ముందుకి నేనే వెళ్ళాను. పొడుగాటి బల్ల, ముగ్గురు మనుషులు, ఫ్యాను. కాగితాలు పరిచి అంతా చెప్పాను. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

"ముప్పైలో ఒకటిన్నర అంటే ఏమంత తేడా మేడం?"

చెప్పాను.

"మరి ఈ ఇరవై తొమ్మిది ఖాయమా?"

అబద్ధమాడితే అయిపోయేది. "కొంచెం అటూ ఇటూ ఉండొచ్చండీ. ఇంకా పెద్ద లెక్క కడితే ఖాయంగా తేలుతుంది. పద్దెనిమిది రోజులు పడుతుంది" అన్నాను.

"బుధవారం రిపోర్టు మీద సంతకాలు మేడం" అని, గొంతు తగ్గించి, "మాకూ ఆడపిల్లలున్నారండీ. కూతురి కోసం తల్లి ఏమైనా చెబుతుంది, మాకు తెలీదా. మీరు ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి" అన్నాడు.

వాదిస్తే తల్లి అన్నారు, ఏడిస్తే తల్లి అన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను చెప్పిన ప్రతి అంకెనీ నమ్మినవాళ్ళు, ఒక్క తప్పు ఒప్పుకుంటానంటే నమ్మడం లేదు. బయటి మెట్ల మీద కూర్చుండిపోయాను. కాపలా ఆయన లేవమనలేదు, పాపం, కుర్చీ తెచ్చాడు.

బుధవారం సంతకాలు అయిపోయాయి. నీ చేతికి ఆ కాగితం ఈపాటికి వచ్చే ఉంటుంది. నా తప్పు నేను రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో వాళ్ళకీ మా వాళ్ళకీ పంపాను. ఏమవుతుందో తెలీదు, ఏమీ కాకపోవచ్చు కూడా. పెద్ద లెక్క నడుస్తోంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఎంతవరకు వచ్చిందో చూసి రావడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. మీ నాన్నకి మొన్న చెప్పాను. లేచి చేతుల రంగు కడుక్కుని వచ్చారు. తర్వాత "పిల్లకి రాశావా?" అన్నారు.

క్షమించమని అడగను. నీ కుడి చెవి అడిగితే తిరిగి ఇవ్వగలిగిందేమీ నా దగ్గర లేదు. కోపం వస్తే మాట్లాడకు, ఉత్తరం రాయకు, నేను ఊరుకుంటాను. కానీ ఒక్కటి విను, వినలేవు కదా, చదువు.

కమిటీ వాళ్ళు తీసుకోని కాగితాలు నీకు పంపుతున్నాను. మూడో పేజీలో కింద గీత గీశాను. గట్టు ఇరవై తొమ్మిదైతే, గీత దాటినప్పటినుంచి పేలేదాకా ఎంతసేపో అక్కడ లెక్క ఉంది. నువ్వు చెప్పిన టైము నేను అందులో ఎక్కడా వేయలేదు. అయినా ఆరూముప్పావు నిమిషాలు వచ్చింది. సరుకుని చల్లార్చడానికి మీరు పెట్టుకున్న నీళ్ళ ట్యాంకు కూడా నా పాత అంకెకి సరిపోయేలా కట్టిందే, మొదటి క్షణంలో తిప్పినా అది చాలేది కాదు. ఆ ఆరు నిమిషాల్లో పనికొచ్చే పని ఒక్కటే ఉంది, ఇద్దరు మనుషుల్ని బయటికి తరమడం. అది నువ్వు చేశావు.

నువ్వు కునుకు తీయలేదమ్మా. నీకు సరిగ్గానే గుర్తుంది.

ఇట్లు,
టీ తాగడానికి లేచిన
మీ అమ్మ