బెల్లం చాలని తులాభారం

నిడదవోలు,
3-2-1984

చిరంజీవి సౌభాగ్యవతి మీనాకుమారికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. కొట్టు ఎప్పటిలాగే ఉంది. పాత బెల్లం అయిపోయి కొత్త బెల్లం దిగుతోంది. బొంబాయిలో నువ్వూ, అల్లుడు గోపాలకృష్ణమూర్తిగారూ, పిల్లవాడూ క్షేమమని తలుస్తాను. క్షేమాల సంగతి అయిపోయింది కనుక అసలు విషయం రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నేను కోపంతో ఉడికిపోతున్నాను. దినపత్రిక కూడా పూర్తిగా చదవలేకపోతున్నాను.

ముందు నీ ప్రశ్నకి జవాబు. "ఆపరేషన్ వద్దు అని టెలిగ్రాం ఇచ్చారు. ఎందుకు వద్దో ఒక్క ముక్క కూడా రాయలేదేం నాన్నగారూ?" అని రెండో ఉత్తరంలో అడిగావు. రాయలేదు, ఎందుకంటే భయపడ్డాను. నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడే కాకినాడ వెళ్ళాను. మెడికల్ కాలేజీ లైబ్రరీలో తెలిసినవాళ్ళని పట్టుకుని లోపలికి దూరి, రెండు రోజులు ఇంగ్లీషు పత్రికలు తిరగేశాను. లావు తగ్గడానికి పేగుని దాటించే ఆపరేషన్ గురించి చదివాను. లివర్ పాడైపోయినవాళ్ళు, మూత్రపిండాల్లో రాళ్ళు పట్టినవాళ్ళు, రోజుకి పదిసార్లు విరేచనాలతో మంచం పట్టినవాళ్ళు, అన్నీ లెక్కలతో సహా ఉన్నాయి. అక్కడి నుంచి అటే పోస్టాఫీసుకి వెళ్ళి నీకు టెలిగ్రాం కొట్టాను.

తరవాత అక్కడే సర్జరీ చెప్పే ఒక కుర్ర లెక్చరరు దొరికితే అతని మీద కేకలేశాను. అతను నేను రాసుకున్న కాగితం చూసి నవ్వాడు. "మీరు చదివింది పాత ఆపరేషనండి. అందులో పొట్ట జోలికి వెళ్ళకుండా పేగుని ఇంచుమించు మొత్తం దాటించేసేవారు. దాన్ని దాదాపు అందరూ మానేశారు. మీ అమ్మాయిగారికి చేస్తామన్నది వేరండి. ఇందులో పొట్టని చిన్నది చేసి, పేగుని కొంతే దాటిస్తారు," అన్నాడు. నలభై ఏళ్ళుగా చేతికందిన పుస్తకమల్లా చదివిన మనిషిని, పత్రిక మీద సంవత్సరం చూసుకోలేదు. ఆ లెక్చరరు మీద కూడా కోపం వచ్చింది. నవ్వినందుకు.

అతను కవరు వెనక బొమ్మ గీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి దాన్ని మీ అమ్మకి చెప్పబోతే, "నాకా గీతలు తెలీవండీ, నోటితో చెప్పండి," అంది. కొట్లోంచి ఖాళీ గోనెసంచి, దబ్బనం, పురికొస తెప్పించాను. సంచి పైభాగాన, మూతి దగ్గర, నిమ్మకాయంత జాగా వదిలి అడ్డంగా కుట్టేశాను.

"ఇదీ మీనా పొట్ట. తిన్నది ఇక ఈ పై జాగాలోనే పడుతుంది."

"అందులో ఎంత పడుతుందీ?"

"ఉగ్గుగిన్నెడు."

మీ అమ్మ ఆ జాగాలో వేలు పెట్టి చూసింది. "అంటే మళ్ళీ ఉగ్గుగిన్నెతో మొదలన్నమాట," అంది. "మరి కింది సంచి ఏమవుతుందండీ? కోసి పారేస్తారా?"

"పారెయ్యరు. లోపలే ఖాళీగా ఉంటుంది. దాని రసాలు అది ఊరుస్తూనే ఉంటుంది." పురికొసని పేగు అనుకోమని, మధ్యలో తెంపి, కింది ముక్కని పైకి లాగి నిమ్మకాయంత జాగాకి కుట్టాను. పాత పొట్ట నుంచి వచ్చే పై ముక్కని కొంచెం కిందుగా దానికే అతికాను. "తిన్నది ఇలా పక్కదారిన పోతుంది. రసాలు ఇక్కడికొచ్చి కలుస్తాయి. కొంచెం తింటేనే కడుపు నిండుతుంది. ఆ తిన్నది కూడా పూర్తిగా ఒంటికి పట్టదు."

"మరి సున్నుండలో?"

తింటే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం అని చెప్పాను. బెల్లం కొట్టువాడి కూతురు జన్మలో బెల్లం ముక్క నోట్లో వేసుకోవడానికి భయపడాలి. మీ అమ్మ ఆ సంచిని మడిచి తన మంచం కింద పెట్టుకుంది.

నువ్వు రెండోది అడిగావు, ప్రమాదం ఎంత అని. లెక్చరరు దాచకుండా చెప్పాడు. అతుకు దగ్గర కారితే ప్రాణం మీదికి వస్తుంది. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకి ఎక్కవచ్చు. ఐరను, కాల్షియం మాత్రలు, విటమిన్ ఇంజక్షన్లు బతికినంత కాలం తప్పవు. ఇంత చేసినా రోజంతా తీపి తాగుతూ కూర్చుంటే పోయిన బరువు తిరిగి వస్తుంది. మరి లాభమో? నూట పద్దెనిమిది కిలోల మనిషికి, సుగరు ఉన్నదానికి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేదానికి, ఇది బతుకు పెంచవచ్చు. సుగరు బాగా తగ్గుతోందని ఇప్పుడిప్పుడే రాస్తున్నారట. కనుక నా టెలిగ్రాం రద్దు. అలాగని చేయించుకోమనీ అనడం లేదు. మీ డాక్టరుని మూడు ప్రశ్నలడుగు. ఇప్పటిదాకా ఎంతమందికి చేశాడు, అందులో ఎంతమంది నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు, పదేళ్ళ తరవాత నిన్ను ఎవరు చూస్తారు. నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్.

ఇక నా కోపాల సంగతి.

మీ అత్తగారు రమాదేవిగారు నాలుగిళ్ళవాళ్ళ ముందు, "కోడలు తింటే మాకేంటండీ, పాపం కుర్చీలే ఓర్చుకోవాలి," అన్నారని రాశావు. ఆవిడ కొడుకు మాట్లాడకుండా పేపరు చదువుకున్నాడని కూడా రాశావు. పేపరు నేనూ చదువుతాను. దాని వెనక దాక్కోవడానికి చదవను. ఈ వాక్యం అల్లుడుగారికి చూపించు.

ఇక్కడి మన డాక్టరు పదేళ్ళ పాటు నీ నాడి పట్టుకోకుండా, తల ఎత్తకుండా, "నోరు కట్టుకోమ్మా, అదే మందు," అని చీటీ రాసి పంపాడు. ఒక్కసారైనా సుగరు చూడలేదు. మొన్న బజారులో కనపడి నమస్కారం పెడితే నేను చేతులెత్తలేదు.

మన చుట్టాలందరి మీదా కోపమే. పంక్తిలో కూర్చోబెట్టి, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసి, "నా మీద ఒట్టు, ఇంకొక్క బొబ్బట్టు," అని కొసరి కొసరి వడ్డించి, విస్తరి ముందు నుంచి లేవగానే వెనక నవ్వుకునే జాతి మనది. అందులో మీ అమ్మ ఉంది. నేనూ ఉన్నాను.

ఇంతమందిని తిట్టాను కదా, మీ మావయ్య కుక్కుటేశ్వరరావు జోలికి పోలేదు. నువ్వు గమనించే ఉంటావు. నీ మొదటి ఉత్తరం చివర్న రాశావు: "ఆ రోజు గుళ్ళో మావయ్య అన్న మాట ఇరవై రెండేళ్ళయినా చెవిలోంచి పోలేదు నాన్నగారూ. ఆ నవ్వు ఇంకెవరి నోటా వినకూడదనే ఈ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను." ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచే నాకు నిద్ర లేదు. కాకినాడ పరుగెత్తింది అందుకే. ఆపరేషన్‌లో తప్పు దొరికితే ఈ మాట చెప్పే అవసరం ఉండదనుకున్నాను. దొరకలేదు.

నీకు అయిదో ఏట టైఫాయిడ్ వచ్చినప్పుడు, బతికితే నీ ఎత్తు బెల్లం ఇస్తానని మీ అమ్మ పెనుగొండ అమ్మవారికి మొక్కుకుంది. కొట్టు పని, సీజను అంటూ నేను తొమ్మిదేళ్ళు వాయిదా వేశాను. నీకు పద్నాలుగో ఏడు వచ్చాక తీసుకెళ్ళాం. యాభై కిలోలు చాలునని నేనే చూసి చెప్పి, పది కిలోల దిమ్మలు అయిదు వేయించాను. నువ్వు పట్టు పరికిణీ కట్టుకుని, అమ్మవారి వైపు తిరిగి, కళ్ళు మూసుకుని తక్కెడ పళ్ళెంలో కూర్చున్నావు. అయిదు దిమ్మలూ పెట్టారు. నీ పళ్ళెం లేవలేదు.

కంటితో చూసి బస్తా తూకం చెప్పేవాడినని నాకు పేరు. సొంత కూతురి తూకం తెలియలేదేమని పెనుగొండ బజారంతా అనుకుంటుందని నాకు చెమట పట్టింది. అప్పుడు ఒక మాట వచ్చింది. "ఇంకో ఏడాది ఆగి ఉంటే సామర్లకోట పంచదార ఫ్యాక్టరీకే బండి కట్టాల్సొచ్చేదండోయ్!" మండపం అంతా నవ్వింది. మేళం హోరులో నీకు మాట వినపడింది, గొంతు తెలియలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగావు, "ఎవరు నాన్నా అలా అన్నది?" అని. "ఇంకెవరు, మీ మావయ్యే," అన్నాను.

అది నేనన్న మాట మీనా.

ఆ రాత్రి నుంచి నువ్వు పంక్తిలో కూర్చోవడం మానేశావు. అందరి ముందూ రెండు మెతుకులు తిని, తరవాత సామాన్ల గదిలో చీకట్లో ఒక్కదానివే బెల్లం తినేదానివి. దిమ్మల మీద గోళ్ళ గుర్తులు నేను చూశాను. చూసి, ఎలకలని బోను పెట్టించాను.

మీ మావయ్య దగ్గరికి అప్పుడే వెళ్ళి ఒప్పుకున్నాను. అతను నన్ను తిట్టలేదు. "మీ మీద మనసు విరిగితే ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తుంది బావగారూ? నా మీదయితే ఏముందండీ, వారం రోజులు మాట్లాడదు. అలాగే ఉండనివ్వండి," అన్నాడు. వారం ఇరవై రెండేళ్ళయింది. నీ పెళ్ళిలో అతను పెట్టిన చీర నువ్వు కట్టుకోలేదు. అతను చూసి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఈ ఉత్తరంలో తిట్టినవాళ్ళందరికంటే ముందు తిట్టాల్సినవాణ్ణి నేను.

ఇప్పుడు ఆలోచించుకో. నీ ఊపిరి కోసం, నీ సుగరు కోసం అయితే చేయించుకో. గుళ్ళో నవ్వు కోసం అయితే వద్దు. దానికి కోయాల్సింది నీ పొట్ట కాదు. ఆపరేషన్ ఇరవయ్యో తారీకున అన్నావు కదా, ఆలోగా నువ్వు ఏది నిర్ణయిస్తే నేను దానికి ఒప్పుకుంటాను. అడ్డు చెప్పే హక్కు నాకు లేదు.

పద్నాలుగున బయలుదేరి బొంబాయి వస్తున్నాను. ఈసారి సున్నుండలు తేవడం లేదు. టిక్కెట్లు రెండు తీశాను. రెండోది మీ మావయ్యకి. రానన్నాడు, తిట్టి ఒప్పించాను. నువ్వు స్టేషన్‌కి వస్తే ముందు అతని దగ్గరికి వెళ్ళు. నేను సామాను దింపుకుంటూ ఉంటాను.

ఇట్లు,
ఆ మాట అన్న మీ నాన్న,
కాశీవిశ్వనాథం