నేను సాపు రాసిన చీమల పుస్తకం

వేసవి విజ్ఞాన పరిశోధన శిబిరం ఎంపిక సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,
దస్తావేజు లేఖరి ఒకడు సమర్పించుకొను అర్జీ.

విషయం: దరఖాస్తు నెం. 2316 తిరస్కరణ – తప్పు అభ్యర్థినిది కాక ఆమె తండ్రిది అగుట – సోమవారం ఇంటర్వ్యూలోపు పునఃపరిశీలన కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయపు ఉత్తరం, మంగళవారం ఈమెయిలు ద్వారా అందినది.

అయ్యా,

పై సూచికలోని ఉత్తరము ద్వారా, పదకొండవ తరగతి చదువుచున్న మా అమ్మాయి దరఖాస్తును తమరు తిరస్కరించియున్నారు. "పరిశీలన పుస్తకం అసలుది కాదు. నలభై రోజుల కొలతలు ఒకే కలంతో, ఒకే ఊపున, పెద్దవారి చేతిరాతలో ఉన్నాయి. పట్టికకూ వ్యాసానికీ పొంతన లేదు. కల్పిత సమాచారంగా భావిస్తున్నాము" అని అందులో ఉన్నది. మూడు వేల పైచిలుకు దరఖాస్తుల్లో తమరు ఇంటర్వ్యూకు పిలిచినది అరవై మందిని. ఆ అరవైలో ఆమె పేరు ఉండినది, ఇప్పుడు లేదు. వచ్చే ఏడు ఆమె పన్నెండులో ఉంటుంది గనుక తమ నిబంధనల ప్రకారం అర్హత ఉండదు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఈ అర్జీని తమ కార్యాలయం వరండాలోని బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కిటికీ దగ్గరి గుమాస్తా గారు "ఎంపిక మీద అర్జీలు తీసుకోమండీ. కావాలంటే రాసి పెట్టెలో వేసి వెళ్లండి, ఐదింటికి పెట్టె తీస్తాం" అన్నారు. ఇప్పుడు మూడు నలభై. కాబట్టి ఈ దిగువ సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. నేను ఇరవయ్యారు సంవత్సరములుగా రిజిస్ట్రేషను ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాయుచున్నాను. మా పనిలో కొట్టివేత అంటే పాము కనబడినట్టే. ఒక్క అక్షరం కొట్టివేసినా దాని పక్కన అన్ని పక్షాలవారూ సంతకం చేయాలి, లేకుంటే అధికారి కాగితం మొహాన కొడతాడు. అందుచేత ముందు చిత్తు రాస్తాం, తర్వాత సాపు రాస్తాం. సాపు మీద సంతకాలు పడగానే చిత్తును నాలుగు ముక్కలు చేస్తాం. రెండు ప్రతులుంటే రెండు తగాదాలు. ఇది నాకు నేర్పినవారు చెప్పిన పద్ధతి, నేనెన్నడూ తప్పలేదు. నా చేతి మీదుగా లోపలికి వెళ్లిన కాగితం ఇంతవరకు వెనక్కి రాలేదు. మొదటిసారి వచ్చినది మా అమ్మాయిదే.

2. అభ్యర్థిని చేసిన పరిశోధన ఏమనగా: మేము అద్దెకున్న భవనంలో మెట్ల పక్క గోడ మీద చీమల బారు ఒకటి పైకి పోతూ ఉంటుంది. ఆమె గోడ మీద సుద్దతో గీత గీసి, ప్రతిరోజూ పొద్దున ఆరుంపావుకు మూడో మెట్టు మీద కూర్చుని, పది నిమిషాల్లో ఎన్ని చీమలు ఆ గీత దాటినవో లెక్కపెట్టి, గోడ వేడి కొలిచి రాసుకున్నది. నలభై రోజులు. జ్వరం వచ్చిన రోజున దుప్పటి కప్పుకుని కూర్చున్నది. కింది ఇంటాయన పాలకు పోతూ "ఏమ్మా, హాజరు వేస్తున్నావా?" అంటే తలెత్తకుండా "మాట్లాడించకండి అంకుల్, లెక్క తప్పుతుంది" అన్నది. ఆయనను సాక్షిగా పిలిచినా వచ్చి చెబుతారు, అడిగి ఉంచాను.

3. దరఖాస్తుకు ఆఖరు రోజు మూడు వారాల కిందటి ఆదివారం. సాయంత్రం ఆరు దాకా గడువు. సైన్సు టీచరు గారి ఇంటికి సిఫారసు ఉత్తరం కోసం పోతూ అమ్మాయి నాతో "నాన్నా, బల్ల మీద పుస్తకముంది, స్కాన్ చేయించి పెట్టు. నేనొచ్చి పంపిస్తా" అన్నది. నేను పుస్తకం తెరిచాను. నా ప్రాణం చివుక్కుమన్నది. ప్రతి పేజీలో కొట్టివేతలే. ఒక అంకె మూడుసార్లు కొట్టి నాలుగోసారి రాసింది. అంచున "ఈ చీమ సగం దాటి వెనక్కి తిరిగింది, లెక్కలోకి వస్తుందా?" అని తనను తానే ప్రశ్నించుకున్నది. ఒక పేజీలో చచ్చిన చీమ అతుక్కుని ఉన్నది. ఇలాంటి కాగితాలను పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ముందు పెడితే పిల్లను గుమ్మంలోనే తిప్పి పంపిస్తారనుకున్నాను. పది గంటలకు కూర్చున్నవాణ్ణి మూడింటికి లేచాను. ఎర్రసిరాతో గీతలు గీసి, నలభై రోజులూ నా దస్తూరిలో సాపు రాశాను.

మా ఆవిడ కుట్టుమిషను దగ్గర నుంచి చూస్తూనే ఉంది. "అది స్కాన్ చేయించమంది. నువ్వేం చేస్తున్నావు?" అని అడిగింది.

"చూశాక నువ్వే మెచ్చుకుంటావు" అన్నాను.

"కొట్టివేత కనబడితే నీకు ముద్ద దిగదు. అది పిల్ల పుస్తకం, పొలం దస్తావేజు కాదు" అన్నది. నేను వినిపించుకోలేదు. సాపు పూర్తయింది గనుక చిత్తు చించివేసి, సాపును స్కాన్ చేయించి తెచ్చాను. అమ్మాయి ఐదున్నరకు ఆయాసపడుతూ వచ్చి "అన్ని పేజీలూ వచ్చాయా?" అని అడిగింది. "అన్నీ వచ్చాయి, శుభ్రంగా ఉన్నాయి" అన్నాను. ఫైలు తెరిచి చూసుకునే వ్యవధి లేదు. తండ్రిని నమ్మి పంపేసింది.

4. మంగళవారం తమ ఉత్తరం చదివిన తర్వాత ఆమె ఏడవలేదు, అరవలేదు. "నాన్నా, నా పుస్తకమేది?" అని మాత్రం అడిగింది. చెప్పాను. "ఎందులో పారేశావు?" అన్నది. మా ఆవిడ కుట్టగా మిగిలిన గుడ్డపీలికల సంచీ ఒకటి మిషను కింద ఉంటుంది, నెలకోసారి గానీ ఖాళీ చేయదు. అదృష్టం, నేను అందులోనే పడేశాను. తల్లీ కూతుళ్లు సంచీ బోర్లించి రెండు రోజులు ముక్కలు ఏరి అతికించారు. ముప్ఫైమూడు రోజుల కొలతలు దొరికినవి, ఏడు రోజులవి దొరకలేదు. అతికించిన పేజీలన్నీ దీనికి జతపరిచాను. చీమ కూడా ఉన్నది. రెండు రోజులుగా అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

5. అయ్యా, పై మూడవ పేరాలో నేను రాయని సంగతి ఒకటి ఉన్నది. రాయకుండా సంతకం పెడదామని చూశాను, చెయ్యి ఆడటం లేదు. ముప్ఫైతొమ్మిది రోజుల కొలతలు ముప్ఫైఎనిమిదికీ యాభైరెండుకీ మధ్య ఉన్నవి. పందొమ్మిదో రోజు మాత్రం ఏడు అని ఉన్నది. నిద్రమత్తులో ముందు నాలుగు వేయడం మరిచిపోయిందనుకుని నలభైఏడు చేశాను. దస్తావేజులో అంకె అనుమానంగా ఉంటే పక్షాలవారిని పిలిచి అడుగుతాను. కన్నకూతురిని అడగాలని తోచలేదు.

ముక్కలు అతికిస్తున్నప్పుడు ఈ సంగతి ఆమెతో చెప్పాను. చేతిలో టేపు కింద పెట్టేసింది. "నాన్నా, ఆ రోజు పొద్దున ఆకాశం తేటగా ఉంది. అయినా చీమలు రాలేదు. మధ్యాహ్నం కుంభవృష్టి. నా వ్యాసమంతా ఆ ఒక్క రోజు గురించే" అన్నది. తమరు పొంతన లేదన్నది దీని గురించే. వ్యాసంలో ఆమె అంకె వేయకుండా చీమలు తగ్గాయని రాసింది, పట్టికలో నేను తగ్గకుండా చేశాను. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ముక్క దొరకనివాటిలో ఉన్నది.

6. కావున నేను ప్రార్థించునది:

(అ) సోమవారం పది గంటలకు ఆమెను మిగిలినవారితోపాటు లోపలికి పిలిచి, ఏ ప్రశ్న వేస్తారో వేయండి. నన్ను గేటు బయటే ఉంచండి.

(ఆ) సీటు ఇవ్వదగదని తోస్తే ఇవ్వకండి. కానీ ఆమె పేరు మీద "కల్పితం" అన్న మాట తీసివేయండి. ఆ పిల్ల కల్పించదు. కల్పించినది నేను.

(ఇ) నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే. నా దస్తూరి నమూనా, నేరం ఒప్పుకుంటూ రాసిన కాగితం వేరుగా జతపరిచాను.

ఊరివారందరి తరఫునా అర్జీలు రాసినవాణ్ణి. ఎవరి తగాదా ఐనా అరగంటలో తేల్చి రాసేవాణ్ణి. ఈ ఒక్కటి రాయడానికి నాకు గంట దాటింది. నా తప్పును నా మీదే వేసి, నా బిడ్డను విడిగా చూడవలెనని తమ దయగల చిత్తమునకు విన్నవించుకొనుచున్నాను.

తమ విధేయుడు,
దరఖాస్తు నెం. 2316 అభ్యర్థిని తండ్రి

తాజా కలం: నాలుగు నలభైఐదుకు అమ్మాయి బడి నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది. నా పక్కన కూర్చుని ఇదంతా చదివింది. ఐదో పేరా దగ్గర ఆగి, "ఏడు అని నీకు ఖాయంగా గుర్తుందా?" అని అడిగింది.

"ఏడో, తొమ్మిదో. ఏడే అనుకుంటా" అన్నాను.

"నాకూ సరిగ్గా గుర్తులేదు. పదిలోపు అని మాత్రం తెలుసు. అది తీసెయ్యి."

"సీటంతా దాని మీదే ఉందమ్మా. ముక్క ఎలాగూ దొరకలేదు. ఏడని ఉంటే వాళ్లకూ నమ్మకంగా ఉంటుంది."

"నాన్నా, మళ్లీ సాపు రాస్తున్నావు" అన్నది. టేపు కింద పెట్టేసిన తర్వాత నాతో తిన్నగా మాట్లాడిన మాటలు ఇవే.

గుమాస్తా గారు పెట్టె తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కాబట్టి ఐదవ పేరాలోని ఏడు అను అంకెను ఉపసంహరించుకొనుచున్నాను. దాని స్థానంలో, అభ్యర్థిని నా చేతిలోంచి కలం తీసుకుని, కింది వాక్యం తానే రాసినది:

పందొమ్మిదో రోజు కొలత పోయింది. ఎంతో నాకు తెలియదు.