ఆఖరి గడి

మామిడికుదురు,
8-2-1998, ఆదివారం.

మిత్రుడు దీపక్‌కి,

మురళీమోహన్ నమస్కరించి రాస్తున్నది. మీ నాన్నగారికి నా నమస్కారాలు, చెల్లి జెస్సీకి ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాసి రెండుసార్లు కొట్టేశాను. రెండు నెలల కింద అమ్మని పోగొట్టుకున్న ఇంటికి ఆ మాట ఎలా రాయాలో నాకు తెలియలేదు. అందుకని మామూలు కబుర్లతోనే మొదలుపెడతాను, కోపగించుకోకు.

ప్రాక్టికల్స్ వచ్చే నెల. నువ్వు కాలేజీకి ఎందుకు రావడం లేదని లెక్చరర్లు నన్నే అడుగుతున్నారు. నీ జువాలజీ రికార్డులో మిగిలిపోయిన బొమ్మలన్నీ వేసేశాను. కప్ప గుండె మాత్రం సరిగా కుదరలేదు. మన మాటల నోటుబుక్కు కూడా నా దగ్గరే ఉంది. కొత్త మాట దొరికితే అందులో ఎక్కించి మన టీచరైన మీ అమ్మగారికి చూపించేవాళ్ళం కదా. టీచరు గారు పోయిన తరవాత అందులో ఒక్క మాట కూడా ఎక్కించలేదు.

ఇంక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

మా కాశీవిశ్వనాథం మామయ్య నీకు తెలుసు. నాన్న పోయాక అమ్మనీ నన్నూ తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్న మనిషి. లంకలో కంద, అరటి వేస్తారు. నాలుగేళ్ళుగా అడవిపందులు ఆ కందని బతకనివ్వలేదు. మామయ్య దగ్గరున్న పన్నెండు బోరు తుపాకి యాభై గజాలు దాటితే పని చెయ్యదు. పందులకి ఆ కొలత తెలిసిపోయింది. అరవై గజాల అవతల నిలబడి ఆయన్నే చూసేవట. ఈసారి తుపాకీ వాటి చేతికిచ్చి దుంపలు మీరే తవ్వుకోండి మావయ్యగారూ అని రేవులో ఎవరో ఎగతాళి చేశారు. ఆ మాట ఆయనకి బాగా తగిలింది.

పందుల్ని కాల్చడానికి పర్మిషన్ తెచ్చుకున్నారు. దూరం కొట్టే రైఫిలు ఒకటి తన కొలతలకి చేయించుకుందామని రాజమండ్రిలో ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి వెళ్ళారు. గొట్టం సంగతి తరవాత చూద్దావండి, ముందు తూటా ఏదో తేల్చుకు రండి, తూటాని బట్టే తుపాకీ ఆయ్ అన్నాడట ఆయన. అని, ఒక ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి పంపించాడు. మామయ్య దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేశారు. ఏవిరా, ఎప్పుడు చూసినా మాటలు పోగేస్తా ఉంటావు కదా, ఇదంతా తెలుగులో ఒక్క కాగితం మీద రాసి పెట్టు, ఏ తూటా తీసుకోవాలో నువ్వే చెప్పు అన్నారు.

ఆ ఇంట్లో నన్ను ఒక విషయం అడగడం అదే మొదలు దీపక్. పది రోజులు నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మన దగ్గర లైసెన్సు మీద వాడుకోగలిగిన తూటాలు మూడు తేలాయి. త్రీ ఫిఫ్టీన్ సులువుగా దొరుకుతుంది, కానీ దాని గుండు బరువెక్కువ, వేగం తక్కువ, మూడు వందల గజాలకి మూరెడు కిందికి జారిపోతుంది. టూ సెవెంటీ ఫైవ్ భుజాన్ని తన్నదు, కానీ తూటాలు దొరకవు. థర్టీ నాట్ సిక్స్ గుండు మూడు వందల గజాలకి జానెడే జారుతుంది, నాలుగు వందల గజాల దగ్గర కూడా పందిని పడగొట్టే బలం ఉంటుంది. పుస్తకంలో అంగుళాలు ఉంటే నేను జానలూ మూరలూ చేశాను. థర్టీ నాట్ సిక్స్ మేలు అని తేల్చాను.

చిత్తు ప్రతీ పుస్తకమూ పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. నువ్వు ఆరోజు అమలాపురంలో ఉన్నావు. టీచరు గారు ముందున్న కత్తిపీట పక్కన పెట్టి, ఎర్ర పెన్ను తెచ్చుకుని చదివారు. జానెడు దగ్గర ఆగి నవ్వారు. అంగుళాలకంటే ఇదే బావుందిరా, పందులకి కూడా అర్థమవుతుంది అన్నారు. ఒకటి రెండు తప్పులు దిద్ది ఇచ్చేశారు. నేను సాఫు ప్రతి రాసి మామయ్యకిచ్చాను. దసరాలకి రైఫిలు ఇంటికి వచ్చింది.

ఆ పుస్తకంలో పట్టిక చివర ఇంకో గడి ఉంది. గుండు ఎంత దూరం వరకు మనిషి ప్రాణం తీయగలదో ఆ గడిలో ఉంటుంది. థర్టీ నాట్ సిక్స్‌కి ఎదురుగా మూడు మైళ్ళు అని ఉంది. వెనక మట్టిదిబ్బ లేనిదే కాల్చకూడదని దాని కింద రాశారు. పేజీ మడత పడి ఉండడం వల్ల నేను ఆ గడి చూడలేదు. నా కాగితంలో ఆఖరి అంకె నాలుగు వందల గజాలే.

నవంబరు ఆఖరి ఆదివారం తెల్లవారాక మామయ్య లంకలో ఉన్నారు. పంది కందపొలంలోంచి లేచి ఏటిగట్టు ఎక్కింది. ఆయన కింద పొలంలోంచి పైకి కాల్చారు. తొంభై ఆరు తుఫానుకి ముందయితే ఆ గట్టు వెనక రెండు వరసల కొబ్బరిచెట్లు ఉండేవి. ఇప్పుడు గట్టు వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆ వెనక వైనతేయ, ఆ వెనక మీ రేవు. ఇంటికొచ్చి, తప్పిపోయిందిరా, వెంట్రుకవాసిలో పోయింది అన్నారు. తొమ్మిది గంటలకి ఏరు దాటి పంటు మీద వచ్చినవాళ్ళు మీ అమ్మగారి సంగతి చెప్పారు. ప్రార్థనకి ఇవతలి ఒడ్డున గుడికి రావడానికి పంటు కోసం నిలబడ్డారని, మెడకి గుండు తగిలిందని.

నేను వెంటనే వచ్చాను, నీకు గుర్తుందో లేదో. జెస్సీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది. ముందు అమ్మ కూర్చుండిపోయింది, ఏవైందమ్మా అని నేను వంగేను, అప్పుడు వినబడింది చప్పుడు, నీళ్ళ మీంచి, కొబ్బరిమట్ట రాలినట్టు అని. పెద్దవాళ్ళు చిన్నపిల్ల, భయంలో ముందూ వెనకా తెలీలేదు అన్నారు. మీ నాన్నగారు కూడా ఊరుకోమ్మా అన్నారు.

ఆ మాట నిజమని అక్కడున్న వాళ్ళలో నాకొక్కడికే తెలుసు. రైఫిలు గుండు శబ్దం కన్నా ముందు పోతుంది. చాలా దూరం నుంచి కాలిస్తే ముందు దెబ్బ తగులుతుంది, తరవాత చప్పుడు వినబడుతుంది. మీ రేవు పక్కనున్న రొయ్యల చెరువు గట్టు మీంచి కాలిస్తే దెబ్బా చప్పుడూ ఒకేసారి వచ్చేవి, చెవులు గింగురుమనేవి. మట్ట రాలినట్టు వినబడదు. ఇదంతా ఆ పుస్తకంలోనే చదివాను. మీ వాకిట్లో నిలబడి, తెలిసి, నోరు మెదపలేదు.

తరవాతి సంగతి నీకు తెలుసు. గుండు దొరకలేదు. చెరువు కాపలా జగ్గయ్య పాకలో కొంగల్ని బెదరగొట్టే నాటు తుపాకీ దొరికింది. లైసెన్సు లేదు, అతన్నే పట్టుకెళ్ళారు. నీకు తెలియనిది చెబుతాను. ఎస్సై గారు మా ఇంటికి కూడా వచ్చారు. మామయ్య ఏమీ దాచలేదు. కాల్చానని చెప్పి, నా కాగితం తెచ్చి చూపించారు. నాలుగొందల గజాలండి, ఏరు చూస్తే కిలోమీటరు పైన ఉంది, ఎలా వెళుతుంది చెప్పండి అన్నారు. నా వైపు తిరిగి, నాలుగొందలు దాటదు కదరా మురళీ అని అడిగారు. ఆయ్, దాటదండి అన్నాను. ఎస్సై గారు కాగితం మడిచి ఇచ్చేస్తూ దస్తూరీ బావుందయ్యా అన్నారు.

జగ్గయ్య ఇప్పటికీ సబ్‌జైల్లోనే ఉన్నాడు. మొన్న శుక్రవారం అతని భార్య వీరాయమ్మ పంటు దాటి మా ఇంటికి వచ్చింది. బాబూ, మీరు బాగా రాత్తారంట, మా ఆయన ఆ పొద్దు తుపాకీ ముట్టుకోలేదని కలెట్టరు గారికి ఒక అర్జీ రాసి పెట్టండి అంది. రాశాను. మంచి మంచి మాటలు ఏరి రాశాను. చదివి వినిపిస్తే ఆవిడ ఏడ్చి, నా చేతులు రెండూ కళ్ళకి అద్దుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మకి మొత్తం చెప్పేశాను. ఈ ఇంటి తిండి తింటా ఆ మాట ఎలా అంటావురా, మనం ఎక్కడికి పోతాం అంది. తరవాత కంచం తీసేసింది.

నిన్న సాయంత్రం మామయ్యకి చెప్పాను. పుస్తకం తెరిచి ఆ గడి చూపించాను. ఆయన ఆ అంకె మీద వేలు పెట్టారు. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు తెలుస్తాయి కదా. నువ్వు రాసిందే కదరా నేను నమ్మేను అన్నారు. అరిచినా బాగుండేది. ఆయన లోపలికి వెళ్ళి రైఫిలుని పాత దుప్పట్లో చుట్టి, వాకిట్లో బల్ల మీద పెట్టారు. అది అలాగే ఉంది.

రేపు ఉదయం స్టేషనుకి వెళతాను. మామయ్య కూడా వస్తారో లేదో తెలియదు. అర్జీ సాఫు ప్రతి తీసుకోవడానికి వచ్చిన వీరాయమ్మ ఇప్పుడు మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఈ కవరు ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆవిడకి చదువు రాదు. నువ్వే చదివి వినిపించు. జెస్సీ చెప్పింది నిజమని మీ నాన్నగారికి చెప్పు. ముందుగా జెస్సీకి చెప్పు.

క్షమించమని అడగడం లేదు. మన నోటుబుక్కులో ఆ మాట ఉంది. ఎక్కించింది నేనే.

ఇట్లు,
నీ స్నేహితుడని రాసుకునే అర్హత లేని
మురళీమోహన్.

తా.క.: పేజీ మడత పడిందని పైన రాశాను. అది అబద్ధం. ఇంత ఉత్తరం రాసి కూడా ఆ ఒక్క అబద్ధం వదలలేకపోయాను. చిత్తు ప్రతి ఈ కవరులోనే పెడుతున్నాను. రేపు నేను భయపడి వెనక్కి తగ్గినా నువ్వు దాన్ని స్టేషనులో ఇవ్వగలవు. తప్పులు దిద్ది, పట్టికని పుస్తకంతో పోల్చి చూసి, అడుగున ఎర్ర సిరాతో రాసింది ఎవరి దస్తూరీయో నీకు చెప్పక్కర్లేదు. మురళీ, గుండు ఎంత దూరం సూటిగా పోతుందో చక్కగా రాశావు, ఎక్కడ ఆగుతుందో కూడా రాయి అని ఉంది. అలాగేనండి అన్నాను. కానీ మూడు మైళ్ళు అని రాస్తే మామయ్య భయపడి పాత తుపాకీతోనే ఊరుకుంటారేమో, నా కాగితం ఎందుకూ పనికిరాకుండా పోతుందేమో అనుకున్నాను. సాఫు ప్రతిలో అడుగున నాలుగు వేళ్ళ మేర చోటుంది. ఆ గడి సరిగ్గా పట్టేది. అక్కడ నా సంతకం పెట్టుకున్నాను.