ఆ రాత్రికి ఇంట్లో మనిషి

తాండూరు,
ఆదివారం.

బావకు నీ బీరమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నువ్వు ఇంటి దగ్గర వదిలిన గొర్రెపిల్లలూ క్షేమం. సేడం అవతల నువ్వూ, మందా బాగున్నారని తలుస్తున్నాను. నీ ఫోను కలవడం లేదు గనుక నేనూ కాగితం పట్టాను.

నీ ఉత్తరంలో పిల్లలు పాలు తాగుతున్నాయా అని అడిగావు. తాగుతున్నాయి. తల్లి లేనివాటికి సీసాతో పడుతున్నాను. కుంటి గొర్రె లేచి తిరుగుతోంది. అన్నీ అడిగి, నా తుంటి సంగతి చివరి వరుసలో అడిగావు. బాగా లేదు బావా. గురువారం వికారాబాద్‌లో తుంటి కీలు మారుస్తామన్నారు.

మత్తు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. వెన్నులో ఇచ్చే మందులు రెండు రకాలట. పాతది ఎక్కువసేపు ఉంటుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, కానీ కాళ్ళు స్వాధీనంలోకి వచ్చేసరికి చీకటి పడుతుంది గనుక ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. కొత్తది తొందరగా దిగుతుంది, సాయంత్రమే నడిపించి ఇంటికి పంపిస్తారు. నొప్పి కూడా అంతే తొందరగా వస్తుందట. నేను కొత్తదే అడిగాను. పక్కింటి జులేఖా పగలు పిల్లలను చూస్తానంది గానీ, రాత్రి ఆమెకు కరణ్‌కోటలో డ్యూటీ. మంచం మీద కూర్చునైనా పాలు పట్టొచ్చు అనుకున్నాను.

రాత్రి ఇంట్లో ఎవరుంటారని డాక్టరమ్మ అడిగింది. పడ్డ గొర్రెను లేపి నిలబెట్టాక మళ్ళీ దాని వంక చూడం కదా మనం. సాయంత్రం నడిపించి పంపాక నాదీ అంతే అనుకుని, తడుముకోకుండా అబద్ధం చెప్పాను.

"మా ఆయన ఇంటికాడనే ఉంటడు మేడం."

"అయితే మంచిది. ఆ రాత్రి ఒక్కదానివి లేవొద్దు. బాత్రూంకు పోతే ఆయన పట్టుకోవాలె. పడితివా, కొత్త కీలు జారుతది."

అప్పటినుంచి అన్నం సయించడం లేదు. భయంగా ఉంది. నిజం చెబితే పాత మందిచ్చి ఉంచుకుంటారు, ఇక్కడ పిల్లలు ఆకలికి అరుస్తాయి. చెప్పకపోతే ఆ నొప్పిలో గోడ పట్టుకుని లేచేది నేనొక్కదాన్నే. తోడుంటానని మా తమ్ముడు శ్రీశైలం అన్నాడు. వాడి చేతి సీసా పిల్లలు ముట్టవు, తమ్ముడి చెయ్యి పట్టుకుని నేను బాత్రూంకు పోలేను బావా.

మందను వదిలి నువ్వు ఏనాడూ రాలేదు. మన పెళ్ళికి కూడా మందను తోలుకునే వచ్చావు. నేనూ ఏనాడూ రమ్మనలేదు. ఇప్పుడు అంటున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన శ్రీశైలాన్ని తిప్పి పంపకు. వాడు వచ్చింది ఉత్తరం ఇవ్వడానికి కాదు, నీ బదులు మంద కాయడానికి. గొంగడీ కర్రా వాడికిచ్చి నువ్వు రా. మేడంతో నేనన్న మాటను గురువారానికి నిజం చెయ్యి.

ఇట్లు,
నీ మరదలు, నీ పెళ్ళాం,
బీరమ్మ.