బ్యాడ్జీ పెట్టుకుని ఇంటర్వ్యూకి

మార్చి 3
కొత్త ఫ్యాక్టరీలో వెల్డర్లు కావాలట. యూనియన్ మనిషినని దాచకుండా నేను దరఖాస్తు పెట్టాలని మా యూనియన్ ఆఫీసులో తేల్చారు. యూనియన్‌లో ఉన్నారన్న కారణంతో కాదనడానికి చట్టం ఒప్పుకోదు. అయినా వాళ్లు కాదంటారు, మేం కేసు వేస్తాం. సెక్రటరీ అన్న కేసు కాగితాలు అప్పుడే టైప్ చేయించేశాడు. తేదీ ఒక్కటే ఖాళీ.

మార్చి 4
మా లాయరమ్మ మెలిక పెట్టింది. ఉద్యోగం నిజంగా కావాలనుకునే వాళ్లకే చట్టం అండ, కేసు కోసమే వస్తే తిప్పి పంపొచ్చట. నీకు నిజంగా కావాలా అని అడిగింది. కావాలన్నాను. భలే నటించావని సెక్రటరీ అన్న మెచ్చుకున్నాడు. నటన కాదు. కరపత్రాలు మడతపెట్టీ పెట్టీ విసుగెత్తిపోయాను. యూనియన్ పనిలోకి రాకముందు వెల్డర్నే, నాకు వెల్డింగ్ అంటే ప్రాణం.

మార్చి 9, ఉదయం
చొక్కాకి యూనియన్ బ్యాడ్జీ పెట్టుకున్నాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్తున్నావని మా ఆయన నవ్వాడు. చొక్కా ఇస్త్రీ చేసింది మాత్రం తనే.

సాయంత్రం
గేటు దగ్గరే ఆపేస్తారనుకున్నా. ఆపలేదు. మేనేజర్ బ్యాడ్జీ వైపు చూశాడు, టెస్టుకి పంపాడు. రెండు ప్లేట్లు, ఒక జాయింట్. హెల్మెట్ దించాక కేసూ గుర్తులేదు, యూనియనూ గుర్తులేదు. చేయి దానంతటదే నడిచింది. ఎంత హాయిగా ఉందో! ఫోర్‌మన్ ఆ ప్లేటుని బిగించి వంచాడు. జాయింట్ పగల్లేదు. ఇంకాస్త వంచాడు. ఊహూఁ.

పని కోసం వచ్చావా, యూనియన్ పెట్టడానికి వచ్చావా అని మేనేజర్ సూటిగా అడిగాడు. అబద్ధం నోటికి రాలేదు.

"రెండిటికీ సార్. పని టైములో పని చేస్తాను, భోజనం టైములో మాట్లాడతాను."

కబురు చేస్తామన్నాడు. చెడగొట్టుకున్నానేమో.

మార్చి 10
ఫోన్ రాలేదు.

మార్చి 11
రాలేదు. సెక్రటరీ అన్న మహా హుషారుగా ఉన్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

మార్చి 13
వచ్చింది! సోమవారం నుంచి రమ్మన్నారు! కాదనడానికి వాళ్ల లాయరుకి కారణం దొరకలేదట. ఫోర్‌మనేమో ఆ ప్లేటు తెచ్చి చూపించి మరీ నేనే కావాలన్నాడట. వంటింట్లో మా ఆయన్ని పట్టుకుని గిరగిరా తిప్పేశాను, కూర మాడింది.

యూనియన్ ఆఫీసులో అందరూ తెల్లమొహాలేశారు. తీసుకుంటే ఏం చేయాలో ఒక్కరూ ఆలోచించలేదు మరి. నాకు పని బూట్లు కూడా లేవు, ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాను. తేరుకున్నాక సెక్రటరీ అన్నే బజారుకి తీసుకెళ్లి కొనిపెట్టాడు.

మార్చి 16
భోజనం బెల్లు. బల్ల దగ్గర జరిగి చోటిచ్చారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నములుతున్నాను. పక్కన కూర్చున్నామె డబ్బా మూత తీస్తూ మెల్లగా అడిగింది, మీటింగ్ ఎప్పుడక్కా అని.